రంగం సొమ్ము: సముద్రం దాటిన చెల్లింపుల కథ

1936 మార్చి నెలలో ఒక కూలి రంగూను రేవు నుంచి బరంపురం దగ్గరి తన ఊరికి పది రూపాయలు పంపాడనుకుందాం. ఆ సొమ్ము బర్మా రాష్ట్రంలో బయలుదేరి మదరాసు రాష్ట్రంలో ముట్టింది. రెండూ బ్రిటిషిండియాలోవే. మరుసటి నెలలో అదే మనిషి అదే ఇంటికి మళ్ళీ పది రూపాయలు పంపాడు. ఈసారి అది ఒరిస్సా రాష్ట్రంలో ముట్టింది. ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం ఏర్పడి, బరంపురం, గోపాలపురం ఉన్న గంజాం భాగం అందులో చేరింది. ఆ తరువాతి సంవత్సరం, 1937 ఏప్రిల్ 1న, బర్మాను భారతదేశం నుంచి వేరుచేశారు. అప్పటినుంచి ఆ పది రూపాయలు ఒక దేశంలో బయలుదేరి మరొక దేశంలో ముట్టడం మొదలైంది. పంపినవాడు కదలలేదు. పుచ్చుకున్న ఇల్లూ కదలలేదు. మధ్యనున్న సముద్రం ఎంత వెడల్పో అంతే ఉంది.

(అన్నీ ఏప్రిల్ ఒకటో తేదీనే జరగడం చూసి వింతపడనక్కరలేదు. ప్రభుత్వ లెక్కల సంవత్సరం ఆ రోజుతోనే మొదలవుతుంది. రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టినది కూడా 1935 ఏప్రిల్ 1నే.)

విదేశానికి సొమ్ము పంపడమంటే ఈనాటి విద్యార్థికి గుర్తుకు వచ్చేది ఏ అమెరికా విశ్వవిద్యాలయానికో ఫీజు కట్టడం, బ్యాంకులో పత్రం నింపడం. తెలుగువారి విషయంలో ఈ వ్యవహారానికి అంతకంటె పాత చరిత్ర ఉంది. అందులో సొమ్ము నడిచిన దిక్కు వేరు, పంపినవారి తరగతి వేరు. ఆ చరిత్రలో పెద్ద భాగం ఈ పత్రిక పాఠకుల ఊళ్ళ మీదుగా, అంటే బరంపురం, గోపాలపురం, యానాం పక్కనున్న కోరంగి మీదుగా నడిచింది. అందుకే దీన్ని మన పుటలలో చెప్పుకోవడం ఉచితమనిపించింది.

ముందు పేర్ల సంగతి. ఉత్తరాంధ్ర వ్యవహారంలో రంగూనును 'రంగం' అన్నారు. పరాయి ఊరి పేరును తమ నోటికి తెలిసిన మాటలోకి ఒదిగించుకోవడం వ్యవహర్తలకు ఎప్పుడూ ఉన్న అలవాటే. అవతలి ఒడ్డున మనవాళ్ళకు వచ్చిన పేరు 'కోరంగీలు'. గోదావరి ముఖద్వారం దగ్గర, యానానికి కూతవేటు దూరాన ఉన్న కోరంగి రేవు 1789లోను, 1839లోను వచ్చిన తుపానులకు దెబ్బతిని ఓడల వ్యాపారంలో వెనుకబడింది. కాని దాని పేరు మాత్రం సముద్రం దాటి, తెలుగువాడు ఏ ఊరివాడైనా సరే, అతని జాతి పేరుగా బర్మాలో స్థిరపడింది. గంజాంవాడూ కోరంగీయే, విశాఖవాడూ కోరంగీయే. మలయాలో 'క్లింగ్' అనే మాటకు కళింగం మూలమైనట్టే ఇదీ. అయితే ఈ రెండు మాటలూ మర్యాదగా వాడినవి కావు. ఒక రేవు పేరు కూలివాడి పేరుగా దిగజారడాన్ని భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అంటాం. పిలిపించుకున్నవాడికి అది శాస్త్రం కాదు, రోజూ పడవలసిన మాట.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడి ఉన్నారు. రంగూను నగరంలో ఉన్న నాలుగు లక్షల పైచిలుకు జనంలో సగానికి మించి భారతీయులే. రేవులో బస్తాలు మోసేవారిలోను, బియ్యపు మిల్లులలోను, రిక్షాలు లాగేవారిలోను తెలుగువారిదే పెద్ద పాలు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవులనుంచి స్టీమర్ల డెక్కుమీద కూర్చుని వెళ్ళారు. చాలామంది మిల్లుల కాలానికో కోతల కాలానికో వెళ్ళి, రెండు మూడేళ్ళు ఉండి తిరిగివచ్చినవారు. ఆడవారు తక్కువ, కుటుంబాలు ఇంకా తక్కువ. అంటే సంపాదన ఒక ఒడ్డున, ఖర్చు మరొక ఒడ్డున. ఈ ఏర్పాటులో సొమ్ము పంపడం అప్పుడప్పుడూ చేసే పని కాదు. మనిషి వెళ్ళినదే అందుకు.

అయినా మొదటి సొమ్ము రంగంనుంచి రాలేదు. రంగానికి వెళ్ళకముందే ఊళ్ళో చేతికి వచ్చింది. దీన్ని గుర్తుపెట్టుకోకపోతే తక్కిన కథ తలకిందులుగా కనిపిస్తుంది. కూలీలను పోగుచేసేవాడు మేస్త్రీ. ఈ మాట పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చింది. అర్థం గురువు, పనిలో నేర్పరి. ఆ గురువు ఊరికి వచ్చి, కూలివాడి ఇంట్లో పెళ్ళికో పాత బాకీకో కొంత రొక్కం అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, రంగంలో పనికి పెట్టేవాడు. మేస్త్రీకి డబ్బు ఇచ్చినవాడు పెద్ద మేస్త్రీ, అతనికి ఇచ్చినవాడు కంట్రాక్టరు లేక షావుకారు. కూలి డబ్బు యజమాని దగ్గరనుంచి ఈ మెట్లన్నీ దిగి వచ్చేటప్పుడు ఒక్కొక్క మెట్టు దగ్గర కొంత ఆగిపోయేది. అందుచేత రంగంలో కూలివాడు మొదట కొన్ని నెలలపాటు చేసిన పని ఇంటికి పంపడానికి కాదు, ఇంట్లో అప్పటికే ఖర్చయిపోయిన సొమ్మును తీర్చడానికి. అప్పు అతనికంటె ముందే రేవు చేరి అతని కోసం కాచుకుని ఉండేది.

ఆ అప్పు తీరిన తరువాత మిగిలినది ఇంటికి ఎలా చేరింది? మొలలో కట్టుకుని తెచ్చుకోవడం ఒక పద్ధతి. తిరిగివచ్చే ఊరివాడి చేతికి ఇచ్చి పంపడం దానికి తోడు. ఇందులో కాగితం లేదు కనుక చరిత్రకారుడికి జాడ తక్కువ. రెండవది హుండీ. మూడవది మనియార్డరు. హుండీ గురించి కొంచెం నిలబడి చెప్పుకోవాలి.

మన విద్యార్థులలో చాలామందికి హుండీ అంటే గుడిలో కానుకలు వేసే పెట్టె. తమిళనాట చదివేవారికి 'ఉండియల్' కూడా తెలిసే ఉంటుంది. అక్కడా పెట్టెకూ చెల్లింపు చీటీకీ అదే మాట. కన్నడంలోనూ హుండీ అంటే రెండూ. సంస్కృత నిఘంటువులు 'హుండికా' అనే రూపాన్ని కల్హణుని రాజతరంగిణినుంచి ఉదాహరిస్తాయి. కాబట్టి చీటీ అర్థం తక్కువలో తక్కువ పన్నెండో శతాబ్దం నాటిదన్నమాట. పెట్టె అర్థం తరువాతిదని నా అభిప్రాయం. దూరాన ఉన్నవాడికి ముట్టజెప్పవలసిన సొమ్ము అనే భావంనుంచి, దేవుడికి ముట్టజెప్పే సొమ్ము, ఆపైన అది వేసే పాత్ర అనే వరుసలో అర్థం జరిగి ఉండాలి. తిరుమలలో ఆ పాత్రకు 'కొప్పెర' అనే తెలుగు మాట కూడా ఉండనే ఉంది.

చీటీగా హుండీ పని చాలా తేలిక. రంగంలో ఒక వ్యాపారి షావుకారుకు వంద రూపాయలు కట్టాడు. షావుకారు మదరాసులోని తన మనిషి పేర ఒక చీటీ రాసి ఇచ్చాడు. ఆ చీటీ చూపినవారికి మదరాసులో వంద ఇస్తారు. చూపగానే ఇవ్వవలసినది దర్శనీ హుండీ. గడువు తరువాత ఇవ్వవలసినది ముద్దతీ హుండీ. వ్యాపారులలో పేరున్న షావుకారుకు మాత్రమే ఇవ్వవలసినది షాజోగ్ హుండీ. సరుకు క్షేమంగా చేరితేనే చెల్లేది జోఖమీ హుండీ. ఓడ మునిగితే ఆ సొమ్మూ మునిగినట్టే. అంటే చీటీలోనే భీమా కలిసి ఉందన్నమాట. అంకెలు దిద్దకుండా రాతలోనే ఒక కట్టుబాటు పెట్టారు. వంద రూపాయల హుండీలో వంద అని రాసి ఊరుకోరు. దాని సగమైన యాభైకి రెట్టింపు అని కూడా రాస్తారు. వందను వెయ్యి చేయాలనుకున్నవాడు యాభైని కూడా దిద్దాలి, రెట్టింపు లెక్క కూడా సరిపెట్టాలి. ఇవాళ మనం చెక్కు మీద 'అక్షరాలా వంద రూపాయలు మాత్రమే' అని రాసేదాని పనీ ఇదే. కాని ఆ పాత షావుకార్ల పద్ధతి ఇంకా గట్టిదని నాకు తోస్తుంది.

ఈ ఏర్పాటులో రూపాయి సముద్రం దాటదు. రంగంలో కట్టిన వంద రంగంలోనే ఉండిపోతుంది. మదరాసులో ఇచ్చిన వంద మదరాసులోనిదే. మరి ఈ రెండిటి లెక్క ఎక్కడ తీరుతుంది? బియ్యంలో. బర్మానుంచి మదరాసు రాష్ట్రపు రేవులకు బియ్యం వచ్చేది. ఆ బియ్యపు ఖరీదు ఇక్కడివారు అక్కడికి బాకీ. కూలీలు, ఉద్యోగులు, వ్యాపారులు ఇంటికి పంపే సొమ్ము అక్కడివారు ఇక్కడికి బాకీ. ఒక బాకీకి మరొక బాకీ చెల్లు వేస్తే కొసరు మాత్రమే మిగులుతుంది. రూపాయలు పెట్టెలలో నింపి ఓడ ఎక్కించవలసినది ఆ కొసరు కోసమే. దేశాల మధ్య బ్యాంకులు నేటికీ చేసే పని మూలంలో ఇంతకుమించి లేదు.

ఈ విద్య మన నేలకు కొత్తది కాదు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఏ ఊరినుంచి సూరతుకు హుండీ తీసుకుంటే నూటికి ఎంత పడుతుందో పట్టిక వేశాడు. అందులో గోలకొండకు నూటికి నాలుగైదు రూపాయలు. ఢాకాకు పది. దూరం, దారిలో దొంగల భయం, వ్యాపారుల మధ్య నమ్మకం, అన్నీ కలిసి ఆ అంకెలో ఉన్నాయి.

నమ్మకం అనే మాట దగ్గరే తెలుగు కూలివాడు ఆగిపోయాడు. రంగూనులో హుండీల వ్యాపారానికి పెద్ద దిక్కు నాటుకోట చెట్టియార్లు. 1929–30లో బర్మా బ్యాంకింగు విచారణ సంఘం లెక్క ప్రకారం వారి కొట్లు బర్మాలో సుమారు 1,650. మొగల్ వీధిలోని వారి గుడిలో నెలకొకసారి కూడి, ఆ నెల వడ్డీ ధర నిర్ణయించుకునేవారు. వ్యాపారమంతా ఒక కులం, ఒక భాష, ఒక గుడి చుట్టూ తిరిగేది. వారి స్వస్థలాలు రామనాథపురం జిల్లా, పుదుక్కోట సంస్థానం. వారి హుండీ మదరాసులోను చెట్టినాడులోను చెల్లుతుంది. సోంపేట తాలూకా పల్లెలో దాన్ని చూపితే రొక్కం ఇచ్చేవారెవరు? పైగా హుండీ వర్తకుడి పనిముట్టు. పది, పదిహేను రూపాయలకు ఎవరూ హుండీ రాయరు. తెలుగువారు రంగంలో లెక్కకు అంతమంది ఉండి కూడా సొమ్ము నడిపే వ్యవస్థ తమ చేతుల్లో లేనివారు. తెలుగు కూలివాడి డబ్బు రంగంలో మేస్త్రీ లెక్కలలో ఉండేది, మేస్త్రీ డబ్బు షావుకారు లెక్కలలో ఉండేది. ప్రవాసాంధ్రుల చరిత్ర రాసేటప్పుడు సంఘాలు, నాటకాలు, సభలు గురించి ఉత్సాహంగా రాస్తాం. ఈ సంగతి సాధారణంగా వదిలేస్తాం. వదలకూడదని నా మనవి.

హుండీ విషయంలో భాషాధ్యయనం చేసేవారు తప్పక చూడవలసిన చట్టం ఒకటుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మొదటి సెక్షనులోనే, ప్రాచ్యభాషలో రాసిన పత్రాల విషయంలో స్థానికాచారానికి ఈ చట్టం అడ్డురాదని చెప్పారు. పత్రంలోనే వద్దని రాసుకుంటే తప్ప ఆచారమే చెల్లుతుంది. అంటే ఒకే ఒప్పందాన్ని ఇంగ్లీషులో రాస్తే ఒక న్యాయం, తెలుగులోనో తమిళంలోనో రాస్తే మరొక న్యాయం. ఏ లిపిలో సంతకం పెట్టాడన్న దాన్ని బట్టి మనిషి వర్తించవలసిన ధర్మం మారిపోయింది. మన భాషలకు చట్టంలో దక్కిన గౌరవంగా దీన్ని కొందరు చెబుతారు. నాకైతే ఇది గౌరవం కంటె, ఇందులో మేము వేలుపెట్టం అనే మాటలాగా వినిపిస్తుంది.

హుండీ అందనివాడికి అందినది మనియార్డరు. 1880లో ఈ పనిని ప్రభుత్వ ఖజానాలనుంచి తపాలాశాఖకు అప్పగించారు. దీనితో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, పంపేవాడికి కులం, పరపతి, పరిచయం ఏవీ అక్కరలేదు. రెండు, సొమ్ము ఊరిదాకా, గుమ్మందాకా వస్తుంది. తపాలా బంట్రోతు రొక్కం లెక్కపెట్టి చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుంటాడు. ఆ ముద్ర పడిన ముక్క తిరిగి సముద్రం దాటి పంపినవాడికి చేరుతుంది. చదువురాని భార్య వేలిముద్రను చదువురాని భర్త రంగంలో చూసుకునేవాడు. ఆ ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరం అదే.

మనియార్డరు పత్రం అడుగున చిన్న కూపను ఉండేది. పంపినవాడు రెండు మాటలు రాసుకోవడానికి అందులో కొంచెం చోటు ఉండేది. రాసేది మరెవరో, చదివేది మరెవరో. అందుచేత అందులో పట్టే భాషకు ఒక మూస తప్పనిసరి. క్షేమం, ఎంత సొమ్ము, అందులో ఎవరికెంత, ముట్టినట్టు జాబు. భాషాశాస్త్రంలో వ్యవహారభేదాల గురించి చదివే విద్యార్థులు గ్రంథాలలో ఉదాహరణలు వెతుక్కుంటారు. ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెల అడుగున ఈ కూపన్లు దొరికితే అంతకంటె మంచి సామగ్రి ఉండదు. ఈ వ్యవహారంలోని మాటలు చూడండి. తపాలా, బట్వాడా మరాఠీనుంచి, రసీదు ఫారసీనుంచి, మనియార్డరు, కూపను ఇంగ్లీషునుంచి. వీటి మధ్య క్రియలు మాత్రం తెలుగువే: పంపు, ముట్టు, అందు, చెల్లు.

ఈ 'చెల్లు' దగ్గర ఇరుగుపొరుగు భాషలలో చదివేవారికి ఒక లాభం ఉంది. తమిళంలో 'సెల్' అంటే వెళ్ళు. నాణెం చెలామణీ కావడానికి కూడా ఆ ధాతువే. కన్నడంలో 'సల్లు' అంటే చెందు, చెల్లుబాటగు. తెలుగు 'చెల్లు'లో వెళ్ళడమనే పాత అర్థం దాదాపు కనుమరుగైంది. 'కాలం చెల్లింది' వంటి చోట్ల మాత్రం దాని ఛాయ మిగిలింది. మూడు భాషలనూ పక్కపక్కన పెడితే, వెళ్ళగలిగినదే చెల్లుతుంది అనే భావం బయటపడుతుంది. ఎక్కడికి వెళ్ళలేదో అక్కడ అది చెల్లదు. హోసూరునుంచి వచ్చిన విద్యార్థికి ఇది వివరించనక్కరలేదు. తెలుగూ తమిళమూ కన్నడమూ వింటూ పెరిగినవాడికి ముందే తెలుసు.

ఇక రంగంలో ఆ పది రూపాయలు ఎలా పుట్టేవో చూడాలి. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేశారు. రోజుకూలి రూపాయిన్నరను రెండు రూపాయలు చేయమన్నారు. రేవు కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి. తరువాత తెలుగువారితో రూపాయి పన్నెండణాలకు రాజీ కుదిరింది. అంటే ఒక పావలా పెరిగింది. రాజీ కుదిరాక, అప్పటిదాకా పనిచేసిన బర్మీయులను వెళ్ళిపొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన గొడవ నగరమంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. పావలాకు ఇంత జరిగిందా అని మనకు అనిపించవచ్చు. బర్మా కూలివాడికి ఆ పనే కావాలి. మన కూలివాడికి ఆ పావలాయే ఇంటికి చేరే సొమ్ము, తక్కినది తిండికీ బాకీకీ సరి. కంపెనీలకు మాత్రం ఇద్దరిలో ఎవరైనా ఒకటే.

1937 విభజన ఈ నేపథ్యంలో వచ్చింది. తపాలాశాఖ రెండయింది. మొదట్లో భారత తపాలాబిళ్ళల మీదనే 'బర్మా' అని అచ్చొత్తి వాడారు. రూపాయి విలువ రెండు చోట్లా ఒకటే. రిజర్వు బ్యాంకే బర్మాకు కూడా నోట్లు వేసింది. కాని ఆ నోట్ల మీద ఒక వాక్యం కొత్తగా చేరింది: బర్మాలో మాత్రమే చెల్లును. పైన చెప్పిన ధాతువిచారం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే రాజు బొమ్మ, అదే బ్యాంకు, అదే విలువ. మొలలో కట్టుకుని గోపాలపురంలో దిగితే మాత్రం ఆ నోటు చెల్లదు, మార్చుకోవాలి. 1938లో బర్మాకు ప్రత్యేకంగా నోట్లు వచ్చాయి. వలసల మీద బాక్‌స్టర్ నివేదిక, దాన్ని అనుసరించి 1941లో ఇండియా–బర్మా ఒప్పందం వచ్చి, మనుషుల రాకపోకలకూ కట్టుబాట్లు పెట్టాయి. ఆ ఒప్పందం అమలులోకి వచ్చేలోగా యుద్ధమే వచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం జపానువారి వశమైంది. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఓడలమీద కొందరు, అరకాను, మణిపురం దారులలో కాలినడకన కొందరు బయలుదేరారు. దారిలో వేలమంది చనిపోయారు. అక్కడ చిక్కుకున్నవారు జపాను సైన్యం అచ్చువేసిన నోట్లతో మూడేళ్ళు బతికారు. 1945లో ఆంగ్లేయులు తిరిగిరాగానే అవి కాగితాలైపోయాయి.

యుద్ధం తరువాత దారి మళ్ళీ తెరుచుకున్నా, ముందటిలా తెరుచుకోలేదు. 1947తో రిజర్వు బ్యాంకుకు బర్మాతో సంబంధం తీరింది. 1948లో బర్మా స్వతంత్రమైంది. 1952లో రూపాయి పోయి చాట్ వచ్చింది. 1963లో బ్యాంకులనూ, 1964లో దుకాణాలనూ ప్రభుత్వం తీసుకుంది. అదే 1964 మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించింది. ఆ తరువాత నాలుగేళ్ళలో లక్షకు పైగా భారతీయులు తిరిగివచ్చారు. వారిలో తెలుగువారికోసం వెలసిన స్థావరాలలో విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఒకటి. అక్కడి పెద్దవాళ్ళలో చాలామంది పుట్టినది బర్మాలోనే. వారి దృష్టిలో వారు సొమ్ము పంపవలసిన ఇల్లు ఏ ఒడ్డున ఉందన్న ప్రశ్నకు అప్పటికే జవాబు మారిపోయింది. 1937కు ముందు వారి తాతలకు స్వదేశంలోనే ఉన్న పల్లె, వారికి పరదేశంలో ఉన్న పల్లె అయింది. మళ్ళీ వారు పరదేశీయులుగా దానికే తిరిగివచ్చారు.

యానాంవారు నవ్వుతూ ఇంకొక వైపు చూపించవచ్చు. అక్కడ పరదేశం సముద్రం అవతల లేదు, పక్క ఊరినుంచే మొదలైంది. 1954 దాకా యానాం ఫ్రెంచివారిది. అయినా అక్కడ నడిచిన సొమ్ము రూపాయే. పుదుచ్చేరిలోని ఇండోచైనా బ్యాంకు ఫ్రెంచి ఇండియాకు నోట్లు వేసినా రూపాయి లెక్కలోనే వేసింది. అక్కడ దేశాలు రెండు, లెక్క ఒకటి. బర్మాలో దేశం ఒకటిగా ఉన్నప్పుడు లెక్క ఒకటి. దేశాలు రెండయ్యాక లెక్కలూ రెండయ్యాయి.

ఇటు భారతదేశంలో విదేశీ మారకం మీద అదుపు 1939లో యుద్ధంతో వచ్చింది. యుద్ధం పోయినా అదుపు పోలేదు. 1947లో చట్టమై, 1973లో ఇంకా బిగిసి, 1999 చట్టంతో సడలింది. ఈ మధ్యకాలంలో మన మాటలకు జరిగినది గమనించాలి. పాత రెవిన్యూ కాగితాలలో 'హవాలు' అంటే అప్పగింత, స్వాధీనం, మర్యాదగల మాట. దాని తోబుట్టువు 'హవాలా' 1990లలో పత్రికలకెక్కి, నేరం పేరుగా స్థిరపడింది. హుండీ చీటీ కూడా అనుమానించవలసిన వస్తువైంది. హుండీ మీద రొక్కంగా తెచ్చిన అప్పును ఆదాయంగానే లెక్కకట్టాలనే సెక్షను ఆదాయపు పన్ను చట్టంలో 1970లలో చేరింది. గుడిలో పెట్టె కాబట్టి మాటకు పరువు దక్కింది కాని, లేకపోతే హుండీకీ హవాలా గతే పట్టేది.

2004లో రిజర్వు బ్యాంకు, ఎవరైనా ఏడాదికి పాతికవేల డాలర్లవరకు ముందస్తు అనుమతి లేకుండా విదేశానికి పంపుకోవచ్చునంది. ఆ హద్దు 2015 నాటికి రెండున్నర లక్షల డాలర్లకు పెరిగింది. ఇప్పుడు సొమ్ము నడిచే దిక్కు తిరిగింది. తెలుగు పల్లెలోని తండ్రి పొలం తాకట్టుపెట్టి అవతలి ఒడ్డున చదువుకునే కొడుకు ఖాతాకు పంపుతున్నాడు. అప్పు మళ్ళీ మనిషికంటె ముందే సముద్రం దాటుతోంది. బ్యాంకు పత్రంలో ఎందుకు పంపుతున్నావో తెలిపే సంకేతాంకె కోసం ఒక గడి, పుచ్చుకునేవాడి ఖాతా అంకె కోసం ఒక గడి ఉంటాయి. తపాలాశాఖ పాత కాగితపు మనియార్డరును 2015లో ఆపివేసింది. దానితోపాటు ఆ కూపనూ పోయింది. మా విభాగానికి వచ్చే విద్యార్థులలో గంజాం, విశాఖ, గోదావరి వైపు వారెవరైనా ఉంటే, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ట్రంకుపెట్టెలు ఒకసారి తెరిచి చూడమని కోరుతున్నాను. రంగంనుంచి వచ్చిన కూపను ఒక్కటి దొరికినా, రాసినది ఎవరు, చదివి వినిపించినది ఎవరు అని ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి మాటల్లోనే రాసి తీసుకురండి.